మంచం ఎత్తున కెమెరా

ఈ వ్యాసము ఒక పొరపాటుతో మొదలుపెట్టవలసి వస్తున్నది. ఆ పొరపాటు పిల్లలది కాదు, మాదే.

గత వేసవి సెలవుల్లో మా పరిటాల సంఘములోని యౌవనస్థులకు ఏదైనా పని అప్పగించాలనుకున్నాము. ఎనిమిదో తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు చదివేవారు పదకొండుమంది ఉన్నారు. కొందరికి సొంత ఫోను ఉన్నది, మిగిలినవారికి ఇంట్లోవాళ్ళది. వద్దంటే వినే వయసు కాదు గదా! ఆ ఫోనుతోనే ఊరికి పనికివచ్చేది ఏదైనా చేయిద్దామని తలచాము. ఇద్దరిద్దరు చొప్పున ఒంటరిగా ఉంటున్న వృద్ధుల ఇండ్లకు వెళ్ళాలి. నీళ్ళు తెచ్చిపెట్టాలి, మందుల చీటీ చదివి చెప్పాలి, పింఛను కాగితాలు ఏమైనా ఆగిపోయి ఉంటే చూడాలి. ఆ తరువాత వారి జీవితమును గురించి అడిగి వీడియో తీయాలి. ఇదీ మేము పెట్టిన పని.

ఇలాంటి పని మేము కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు కొండ ప్రాంతమైన రేబన్ కౌంటీలో 1966లో హైస్కూలు పిల్లలు తమ ఊళ్ళలోని ముసలివారి దగ్గరకు వెళ్ళి, వారి పనిపాటలు, నాటు వైద్యము, కర్రల ఇండ్లు కట్టే తీరు అడిగి రాసుకొని ‘ఫాక్స్‌ఫైర్’ అనే పత్రిక నడిపారు. 1972లో అది పుస్తకముగా కూడా వచ్చింది. మన దేశములో 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకము కూడా విద్యార్థి సేవ చేస్తూ నేర్చుకోవాలనే తలంపుతో పుట్టినదే.

పరిటాలలో అడగడానికి విషయాలకేమి కొదువ? వజ్రపు గనులకు ఒకప్పుడు పేరుమోసిన ఊరు. చుట్టూ బ్రిటిషువారి కృష్ణా జిల్లా, మధ్యలో పరిటాలా దాని చుట్టుపట్ల కొన్ని గ్రామాలూ నిజాం ఏలుబడిలో ఉండేవి. 1947 ఆగస్టులో పక్క ఊళ్ళకు స్వాతంత్ర్యము వచ్చింది, మన ఊరికి రాలేదు. నిజామును ధిక్కరించి మనవాళ్ళు సొంతగా రిపబ్లిక్ ప్రకటించుకున్న రోజులవి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసేదాకా ఆ గొడవ తీరలేదు. ఆ రోజులు చూసి జ్ఞాపకము ఉంచుకున్నవారు ఇప్పుడు ఎనభై అయిదు దాటినవారే. ఆ జ్ఞాపకాలు వారితోనే పోతాయని మా తొందర.

మొదటి శనివారము పదో తరగతి అమ్మాయిని, ఇంటర్ చదివే అబ్బాయిని ఒక మామ్మగారి ఇంటికి పంపాము. ఆమె వసారాలో నేలమీద కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తూ ఉన్నది. అబ్బాయి నిలబడి ఫోను పట్టుకున్నాడు. అమ్మాయి చేతిలో ప్రశ్నల కాగితము. ఆ కాగితము రాసి ఇచ్చినది మేమే. అందులో రెండవ ప్రశ్న ఇది: “మీ పిల్లలు మిమ్మల్ని చూసుకుంటున్నారా?”

ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నది. అబ్బాయి ఆ కన్నీళ్ళను దగ్గరకు లాగి తీశాడు. మేము చూసి, ఎంత బాగా తీశారని మెచ్చుకొని, ఆదివారము సాయంకాల కూటములో గోడమీద వేసి చూపించాము. ఆమె చిన్న కుమారుడు వెనుక వరుసలో కూర్చొని ఉన్నాడన్న సంగతి మాకు గుర్తే లేదు.

రెండు ఆదివారాలు మామ్మ గుడికి రాలేదు. మేము వెళ్ళాము. కూర్చోమన్నది గాని ముఖము చూడలేదు. “నా ఏడుపు పట్టుకుపోయారు గాని నా మాట వినిపోలేదు అయ్యగారూ. ఆ రాత్రి మా చిన్నోడు అన్నం ముట్టలేదు. రెండేళ్ళు వరసగా మిర్చి పోయి అప్పుల్లో ఉన్నాడు వాడు. అది అడిగారా ఎవరన్నా?” అన్నది.

మా దగ్గర జవాబు లేదు. ఆమె కుమారుని కూడా కలిసి క్షమించమని అడిగాము. పిల్లలను నెల రోజులు పని ఆపమన్నాము.

ఆ నెలలో మాకు పస్తాపూరు సంగతి గుర్తుకువచ్చింది. మన ఊరిమీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని పడమరగా పోతే, హైదరాబాదు, సంగారెడ్డి దాటాక జహీరాబాదు వస్తుంది. దాని పక్కనే పస్తాపూరు. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు 1990ల చివరలో దళిత స్త్రీలకు వీడియో తీయడం నేర్పించారు. చిన్నకారు సేద్యము చేసుకొనే తల్లులు, చాలామంది బడి ముఖము చూడనివారు. 2001లో వారి కోసం కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2002లో బి.టి. పత్తి మన రాష్ట్రానికి వచ్చినప్పుడు ఈ స్త్రీలే వరంగల్ జిల్లాకు పోయి, రైతులను పంటకాలమంతా మరల మరల కలిసి మాట్లాడి 2003లో ఒక చిత్రము తయారుచేశారు. అది ఇతర దేశాలలో సైతము చూపబడింది. పత్తి, మిర్చి నమ్ముకున్న మన నందిగామ, జగ్గయ్యపేట రైతులకు అది పరాయి కథ కాదు. 2008 అక్టోబరు 15న మాచనూరులో వారు సంఘం రేడియో కూడా ప్రారంభించారు.

మమ్మల్ని ఆపివేసినది ఆ చిత్రము కాదు, వారు కెమెరా చూపులకు పెట్టుకున్న పేర్లు. కెమెరా పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాటు; దొర కూలివానిని చూసే చూపు. కిందనుంచి పైకి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానముగా ఉంటే దానిని సంఘం షాటు అన్నారు. సంఘములో అందరూ నేలమీద ఒకే వరుసను కూర్చుంటారు గనుక. వారి సంఘము పల్లె స్త్రీల సంఘము, మనము ఆరాధనకు కూడే సంఘము వేరు. అయినా ఆ మాట మాకు గట్టిగానే తగిలింది. నేలమీద కూర్చున్న ముసలితల్లిని మేము నిలబడి తీయించాము. సమరయ స్త్రీతో మాట్లాడినప్పుడు ప్రభువు బావి యొద్ద కూర్చునే ఉన్నాడు; పైగా తానే మొదట దాహము అడిగాడు. ఎన్నిసార్లు బోధించాము ఆ భాగమును!

మరల మొదలుపెట్టాము. మొదటి రెండు సార్లు ఫోను బయటికి తీయకూడదు, పని మాత్రమే చేయాలి. తీసే రోజున వారు మంచం మీద ఉంటే ముక్కాలి పీట మీద పుస్తకాలు పేర్చి, ఫోనును వారి కంటి ఎత్తున నిలబెట్టాలి. వాకిలి వెలుగు వెనుకనుంచి పడితే ముఖము నల్లగా వస్తుంది గనుక వెలుగు ఎదుట ఉండేటట్టు కూర్చోబెట్టాలి. ఫ్యాను ఆపాలి. ఇంకొక ఫోను వారి ఒడి దగ్గర పెట్టి మాట వేరుగా పట్టాలి. దూరపు ఫోనులో మాట కంటె కోడికూతే బాగా పడుతుందని పిల్లలు తామే కనిపెట్టారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్న అడగకూడదు. వారు ఆగినప్పుడు వెంటనే ఇంకొక ప్రశ్న వేయకుండా ఊరుకోవాలి. పిల్లలకు అన్నిటికంటె కష్టమైనది ఇదే. మాకూ అంతే, బోధకులము గదా.

తీసినది మొదట వారికే చూపాలి. వద్దన్న మాట వారి ఎదుటనే చెరిపివేయాలి. ఎవరూ స్టేటస్‌లో పెట్టుకోకూడదు. ఈ నియమము చెప్పినప్పుడు ఇంటర్ అబ్బాయి, “అయితే ఇంకేం మిగులుద్ది అయ్యగారూ?” అన్నాడు. తప్పు ప్రశ్న కాదు. ఒక తాతగారు నిజాం కాలము గురించి చెప్పినదానిలో సగము చెరిపించారు. ఆ ఇంటి పెద్దల పరువు సంగతి అట. మాకు లోపల ప్రాణము ఉసూరుమన్నది. అయినా చెరిపాము.

మామ్మ దగ్గరకు ఆ ఇద్దరే మరల వెళ్ళారు. మూడు వారాలు తొడిమలు తీశారు. చేతులు మండి అమ్మాయి రాత్రి నిద్రపోలేదట. నాలుగో వారము మామ్మే, “ఏదీ మీ ఫోను, తియ్యండి” అన్నదట. గంటసేపు మాట్లాడింది. కూలి డబ్బుల్లో అణా అణా దాచి పెద్దవాడిని నందిగామలో చదివించిన విధము చెప్పింది. ఏ ఏడు పురుగు తిన్నదో, ఏ ఏడు ధర పడిపోయిందో వేళ్ళమీద లెక్క చెప్పింది. చిన్నకొడుకు మధ్యలో పొలమునుంచి వచ్చి గుమ్మములో నిలబడ్డాడు. పిల్లలు అతనిని కూడా కూర్చోమన్నారు. అప్పు సంగతి అతనే చెప్పాడు. ఎవరూ ఏడవలేదు.

ఆ వీడియోను ఇంకా గోడమీద వేయలేదు. తల్లీకొడుకులు ఇద్దరూ చూసుకున్నారు, కొడుకు ఫోనులో ఒక ప్రతి ఉన్నది. మిగతావారికి చూపాలా వద్దా అన్నది వారే చెబుతామన్నారు. వెళ్ళేటప్పుడు మామ్మ పిల్లలకు వెనుక వీధిలోని ఒక పెద్దాయన ఇల్లు చూపించి, “ఆయన్ను అడగండి, నాకంటె పాతకాలపోడు. చెవుడు, గట్టిగా అడగాలి. తొందరగా పోండి మరి” అన్నదట.