రాజ్యాంగ సభలో ఏకైక ముస్లిం మహిళ: బేగం ఐజాజ్ రసూల్

స్వతంత్ర భారతదేశానికి రాజ్యాంగాన్ని రూపొందించిన సభలో పదిహేను మంది స్త్రీలు సభ్యులుగా ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మను మనం ఎరుగుదుము. హైదరాబాదులో పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు పేరు తెలియని ఇల్లు లేదు. ఆ పదిహేను మందిలో ముస్లిం మహిళ ఒకే ఒక్కరు. ఆమె బేగం ఖుద్సియా ఐజాజ్ రసూల్. నేడు మన కుటుంబాలలో ఆమె పేరు విన్నవారు బహు తక్కువ. దేశ ముస్లిం సముదాయ భవితవ్యాన్ని తేల్చిన ఒక చర్చలో ఆమె పలికిన మాటకు ఎంతో విలువ ఉండింది. ఆ మాటతో ఏకీభవించినా, విభేదించినా, దాని నేపథ్యం తెలుసుకోవడం మనకు అవసరమని మేము భావిస్తున్నాము.

జననానా నుంచి జనంలోకి

ఆమె 1909లో పంజాబులోని మలేర్‌కోట్లా నవాబుల వంశంలో జన్మించారు. తండ్రి సర్ జుల్ఫికర్ అలీ ఖాన్ ఆనాటి రాజకీయాలలో పేరుగన్నవారు. ఆడపిల్లకు చదువెందుకని ఉన్నత కుటుంబాలే ప్రశ్నించే ఆ రోజులలో ఆయన కుమార్తెను చదివించారు. రాజకీయ వ్యవహారాలు ఆమెకు తండ్రి చెంతనే పరిచయమయ్యాయి.

1929లో అవధ్ ప్రాంతంలోని సండీలా తాలూఖ్‌దారు నవాబ్ ఐజాజ్ రసూల్‌తో ఆమె వివాహం జరిగింది. సండీలా నేటి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో ఉంది. అత్తవారింట కట్టుదిట్టమైన పరదా ఆచారం ఉండేది. కొన్నేళ్ళ తర్వాత భార్యాభర్తలిరువురూ రాజకీయాలలోకి అడుగుపెట్టారు. 1937లో సంయుక్త పరగణాల శాసన మండలికి ఎన్నికలు జరిగినప్పుడు ఆమె స్త్రీలకు కేటాయించిన స్థానాన్ని కోరలేదు; ఎవరైనా పోటీ చేయగల సాధారణ స్థానం నుంచే నిలబడ్డారు. పరదా పాటించని స్త్రీకి ఓటు వేయడం ధర్మసమ్మతం కాదని కొందరు ఉలమా ఫత్వా ఇచ్చారు. అయినా ఓటర్లు ఆమెను గెలిపించారు. ఆ వెంటనే మండలి ఉపాధ్యక్షురాలిగా ఎన్నికై 1940 వరకు ఆ పదవిని నిర్వహించారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. ఆనాటి తాలూఖ్‌దారుల ఇళ్ళలోని పరదా, షరీఅత్ విధించిన హిజాబ్ ఒకటి కావు. హిజాబ్ అంటే విశ్వాసి అయిన స్త్రీ తన గౌరవాన్ని కాపాడుకుంటూ బయటి ప్రపంచంలో సంచరించే మర్యాద. జననానా గోడల పరదా చాలావరకు హోదాకు సంబంధించిన కట్టుబాటు. అదే ఊరిలో పొలంలో నాట్లు వేసే పేద ముస్లిం స్త్రీకి ఆ పరదా ఎన్నడూ లేదు. వస్త్రధారణ విషయంలో బేగం అనుసరించిన మార్గాన్నే మన ఆడపిల్లలు అనుసరించాలని మేము చెప్పడం లేదు. అయితే ప్రజా వ్యవహారాలలో స్త్రీ నోరు విప్పడమే తప్పు అనే వాదనకు మాత్రం ధర్మంలో ఆధారం కనిపించదు.

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక జరిగినప్పటి సంఘటనను గుర్తు చేసుకోండి. ఉమ్రా చేయకుండానే వెనుదిరగవలసి వచ్చినందుకు సహాబాల హృదయాలు బరువెక్కి ఉన్నాయి. ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించినా వారు కదలలేదు. అప్పుడు ఆయన (స) గుడారంలోకి వెళ్ళి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో తన బాధ చెప్పుకున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా ముందుగా తామే ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోవలసిందిగా ఆమె సలహా ఇచ్చారు. దైవప్రవక్త (స) అలాగే చేశారు. అది చూసి సహాబాలందరూ లేచి ఆచరించారు. సముదాయమంతా చిక్కుబడిన వేళ దారి చూపినది ఒక స్త్రీ ఆలోచన. ఆ ఆలోచనను స్వీకరించినవారు సాక్షాత్తు దైవప్రవక్త (స).

విభజన వేళ నిలబడిన మహిళ

బేగం ఐజాజ్ రసూల్ ముస్లిం లీగ్ పక్షాన రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. 1947లో దేశం రెండుగా చీలింది. సంయుక్త పరగణాల లీగ్ నాయకులలో పలువురు సరిహద్దు దాటారు. రాజ్యాంగ సభలో లీగ్ పక్ష నాయకుడైన చౌదరీ ఖలీఖుజ్జమాన్ సైతం పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఆమె వెళ్ళలేదు. నాయకులు విడిచిపోయిన సముదాయానికి ఆ సభలో గొంతుకగా నిలిచే భారం ఆమెపై పడింది. మైనారిటీల హక్కులను పరిశీలించే ఉపసంఘంలోనూ ఆమె సభ్యురాలయ్యారు.

అప్పటి పరిస్థితిని ఊహించుకుంటే ఆ భారం ఎంతటిదో అర్థమవుతుంది. ఉత్తరాదిన రక్తం ఇంకా ఆరలేదు. ఇక్కడే ఉండిపోయిన కోట్లాది ముస్లింల విధేయతను శంకించేవారు ఎందరో. అటువంటి వేళ, శాసనసభలలో ముస్లింలకు ప్రత్యేక స్థానాలు ఉండాలా, వద్దా అనే ప్రశ్న సభ ముందుకు వచ్చింది.

1949 మే నెల చర్చ

ముస్లిం ఓటర్లు ముస్లిం అభ్యర్థులనే వేరుగా ఎన్నుకునే పద్ధతి 1909లో, అంటే బేగం పుట్టిన ఏడాదే, బ్రిటిష్ పాలకులు తెచ్చిన సంస్కరణలతో మొదలైంది. నలభై ఏళ్ళు అది కొనసాగింది. 1949 మే నెలలో సర్దార్ పటేల్ అధ్యక్షతన గల సలహా సంఘం మతం ప్రాతిపదికపై స్థానాల కేటాయింపును సైతం తొలగించాలని ప్రతిపాదించింది.

మద్రాసు నుంచి వచ్చిన ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ దీనిని గట్టిగా వ్యతిరేకించారు. సముదాయం తన ప్రతినిధులను తానే ఎన్నుకోలేకపోతే దాని కష్టసుఖాలు సభలకు చేరవని ఆయన ఆందోళన. ఆనాటి మద్రాసు రాష్ట్రంలో కోస్తా, రాయలసీమ జిల్లాలూ భాగమే గనుక ఆయన మాట మన ప్రాంతపు ముస్లింల మాట కూడా.

బేగం ఐజాజ్ రసూల్ ఇందుకు భిన్నంగా ప్రతిపాదనను సమర్థించారు. ప్రత్యేక నియోజకవర్గాలు మైనారిటీలను మెజారిటీ నుంచి శాశ్వతంగా వేరుచేస్తాయని, చివరకు అవి మనల్ని మనమే గాయపరచుకునే ఆయుధంగా మారతాయని ఆమె వాదించారు. ఉమ్మడి ఓటర్ల జాబితాలో కేటాయించిన స్థానం నుంచి గెలిచినవాడు నిజంగా ముస్లింల ప్రతినిధి అవుతాడన్న హామీ లేదన్నది ఆమె ఆలోచన. ముస్లింలు మెజారిటీ సముదాయపు సద్భావనను నమ్మి లౌకిక రాజ్య నిర్మాణంలో పూర్తి భాగస్వాములు కావాలని ఆమె కోరారు. సభ ఆ ప్రతిపాదనను ఆమోదించింది.

ఇద్దరూ సముదాయ శ్రేయస్సునే కోరారు. ఒకరు రక్షణకు గోడ కావాలన్నారు. మరొకరు ఆ గోడే మనల్ని బంధిస్తుందన్నారు. చట్టసభలలో నేడు ముస్లింల సంఖ్య జనాభాలో వారి వాటాకు తగినట్లు లేదు. ఇస్మాయిల్ సాహెబ్ ఆందోళన నిరాధారం కాదని దీనివల్ల తెలుస్తుంది. బేగం నమ్మిన సద్భావన ఏకపక్షంగా నిలిచేది కాదు. ఆమె మాటలో మెజారిటీ సముదాయం తీర్చవలసిన బాకీ కూడా ఉంది. దానిని గుర్తు చేసే హక్కు మనకుంది.

ఈ చర్చ చట్టసభల స్థానాలకు సంబంధించినది. సామాజిక, విద్యా వెనుకబాటుతనం ఆధారంగా చదువులో, ఉద్యోగాలలో ఇచ్చే రిజర్వేషన్లు వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు కల్పించిన 4 శాతం రెండవ కోవకు చెందినది. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడేవారికి ఆ తేడా విడమరచి చెప్పగలగాలి.

తర్వాతి ప్రస్థానం

లీగ్ పక్షం రద్దయిన తర్వాత ఆమె కాంగ్రెస్‌లో చేరారు. 1952లో రాజ్యసభకు ఎన్నికయ్యారు. 1969 నుంచి 1971 వరకు ఉత్తరప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమం, మైనారిటీల శాఖల మంత్రిగా పనిచేశారు. తాలూఖ్‌దారు ఇంటి కోడలై ఉండి కూడా జమీందారీ రద్దును సమర్థించడం ఆమె వ్యక్తిత్వాన్ని చాటే విషయం. సొంత ఇంటి సంపదకు నష్టమని తెలిసీ న్యాయమనిపించిన పక్షాన నిలవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. మహిళా హాకీ సమాఖ్యకు అధ్యక్షురాలిగా ఇరవై ఏళ్ళు సేవ చేశారు. 2000లో ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. 2001 ఆగస్టు 1న ఆమె కన్నుమూశారు.

మన హైదరాబాదుకూ ఇటువంటి చరిత్ర ఉంది. మాసూమా బేగం 1952లో శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు గెలిచారు. 1960లో దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రి అయ్యారు.

మన ఇళ్ళకు సంబంధించిన మాట

నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో స్థానిక సంస్థల స్థానాలలో సగం స్త్రీలకు కేటాయించబడ్డాయి. మన సముదాయపు స్త్రీలూ వార్డు సభ్యులుగా, కౌన్సిలర్లుగా, సర్పంచులుగా ఎన్నికవుతున్నారు. కానీ ఎన్నో చోట్ల గెలిచింది భార్య, కుర్చీలో కూర్చున్నది భర్త. ఆమె సంతకం చేస్తుంది. దేనిపై సంతకం చేసిందో ఆమెకు తెలియదు. పదవి ఒక అమానతు. అమానతును ఎవరికి అప్పగించారో వారే దానికి అల్లాహ్ ఎదుట జవాబుదారులు. భార్యకు ప్రజలు అప్పగించిన అమానతును భర్త లాక్కోవడం ధర్మం ఎలా అవుతుంది?

పదవికి పంపేముందు ఆమెను సిద్ధం చేయడం కుటుంబం బాధ్యత. గ్రామసభ తీర్మానం ఎలా రాస్తారో, పంచాయతీ నిధులు ఎక్కడి నుంచి వస్తాయో, రేషన్ కార్డు, పింఛను దరఖాస్తు ఏ కార్యాలయానికి వెళ్ళాలో ఆడపిల్లలకు నేర్పండి. జుల్ఫికర్ అలీ ఖాన్ కుమార్తెకు ఇచ్చిన కానుక అటువంటి శిక్షణే. భర్తలు తోడుగా వెళ్ళండి, సలహా ఇవ్వండి. నిర్ణయం మాత్రం ఆమెనే తీసుకోనివ్వండి.

న్యాయం పలికే ధైర్యాన్ని, మాట పట్టింపు లేకుండా సత్యాన్ని స్వీకరించే హృదయాన్ని అల్లాహ్ మన స్త్రీ పురుషులందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.