గెలుపు కోసం ఓటమి వేషం!

ఒంగోలు జాతి ఎడ్ల బలప్రదర్శనలో పశువుల పళ్లను బట్టి విభాగాలు నిర్ణయిస్తారు. రెండు పళ్ల గిత్తలకు ఒక పందెం, నాలుగు పళ్ల వాటికి మరొకటి. నిండు పళ్ల ఎద్దును తెచ్చి రెండు పళ్ల విభాగంలో బండ కట్టబోతే రైతులు ఊరుకోరు, నోరు తెరిచి చూపించమంటారు. ఫోనులో ఆడే చదరంగంలో ఆ వీలు లేదు. అందుకే అక్కడ బలవంతులు కొందరు బలహీనుల వేషం వేసి, కొత్తగా నేర్చుకునేవారి మధ్యకు దూరుతున్నారు.

రేటింగు కథ

చదరంగంలో ఆటగాని బలాన్ని తెలిపే అంకెను రేటింగు అంటారు. హంగేరీ సంతతికి చెందిన అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో ఈ లెక్కను రూపొందించారు. అమెరికా సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య 1970లో దీనిని స్వీకరించాయి. గెలిస్తే అంకె పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. ఫోను ఆటల రేటింగు వేరు, సమాఖ్య ఇచ్చే రేటింగు వేరు. అయినా రెండింటి సూత్రం ఇంచుమించు ఒకటే.

హనుమకొండ యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరారు. ఒక్కొక్క పాయింటు కోసం ఇలా ఏళ్ల తరబడి శ్రమించేవారు ఒకవైపు ఉండగా, ఉన్న పాయింట్లను కావాలని పారబోసేవారు మరొకవైపు ఉండడం విడ్డూరం.

ఎలా చేస్తారు?

ఆట మొదలైన మరుక్షణమే ఓటమి ఒప్పుకుంటారు. లేదా ఎత్తు వేయకుండా గడియారం అయిపోయేదాకా కూర్చుంటారు. మంత్రిని ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తారు. ఇలా కొన్ని పదుల ఆటలు పోగొట్టుకుంటే 1600 ఉన్నవాడు 1200కు దిగుతాడు. అక్కడినుంచి వరుస విజయాలే! 1500 లోపు వారికని పెట్టే పోటీలో మొదటి స్థానం కొట్టాలని కొందరికి ఆశ. సులువుగా గెలవడంలోనే కొందరికి సరదా.

ఇది ఫోనుతో పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1973 నుంచి జరుగుతున్న వరల్డ్ ఓపెన్ వంటి పోటీలలో తక్కువ రేటింగు విభాగాలకు కూడా వేల డాలర్ల బహుమతులున్నాయి. డబ్బున్న చోట ఈ ఎత్తుగడ తప్పలేదు. దీనికి ఇంగ్లీషులో ‘శాండ్ బ్యాగింగ్’ అని పేరు. పూర్వం అక్కడి దుండగులు ఇసుక నింపిన చిన్న సంచితో మనుషులను మోదేవారట. చూడడానికి సంచి, తగిలితే ఆయుధం!

నష్టం ఎవరికి?

రేటింగు తగ్గించుకున్నవాడికి నష్టం లేదు, నాలుగు రోజుల్లో తిరిగి తెచ్చుకుంటాడు. దెబ్బ తినేది ఎదుటివాడే. సమాఖ్య లెక్కలో 18 ఏళ్లలోపు పిల్లలకు మార్పు వేగం సాధారణంగా 40. తనతో సమాన రేటింగు ఉన్నవాడి చేతిలో ఓడితే 20 పాయింట్లు పోతాయి. 400 ఎక్కువ ఉన్నవాడి చేతిలో ఓడితే పోయేది 3 పాయింట్ల పైచిలుకు మాత్రమే. బలవంతుడు తన అంకె దాచుకుంటే, 3 పోవలసిన చోట పిల్లవాడికి 20 పోతాయి. ఇటువంటి ఓటములు నాలుగు ఎదురైతే ‘నాకు ఈ ఆట రాదు’ అని బోర్డు మూసేసే ప్రమాదముంది. పాయింట్లు మళ్లీ వస్తాయి గానీ పోయిన ఉత్సాహం తిరిగి రావడం కష్టం.

అడ్డుకట్టలు

అమెరికా సమాఖ్య రేటింగుకు నేల గీత గీసింది. ఒకరి అత్యధిక రేటింగు 1941 అయితే, అందులో 200 తీసి, కింది వందకు సరిచేసి, 1700 కన్న దిగనివ్వదు. ఉచితంగా ఆడించే లీచెస్ సంస్థ పరిమిత రేటింగు పోటీలలో ఆ రోజు అంకె ఒక్కటే చూడదు, గడచిన వారంలో ఉన్న అత్యధిక రేటింగును చూస్తుంది. ఒక్కపూటలో దిగివచ్చి చేరడం కుదరదు. చెస్.కామ్ నిబంధనలు కూడా ఈ పనిని నిషేధించాయి, దొరికినవారి ఖాతా మూసివేస్తారు.

అయితే రేటింగు పడిపోయిన ప్రతివారూ మోసగాళ్లు కారు. నిద్రమత్తులో ఆడినా, జ్వరంతో ఆడినా అంకె పడుతుంది. ఒక్క ఎత్తుకే ఓటమి ఒప్పుకున్న ఆటలు వరుసగా ఉండి, వెనువెంటనే పోటీల్లో వరుస గెలుపులు కనిపిస్తేనే అనుమానించాలి. అటువంటివాడు తగిలితే పిల్లలు తిట్ల పురాణం ఎత్తుకోకుండా, ఫిర్యాదు మీట నొక్కి తరువాతి ఆటకు వెళ్లడం మేలు. ‘ఎన్ని పాయింట్లు పోయాయి?’ అని గద్దించే బదులు ‘ఏ ఎత్తు దగ్గర దెబ్బ తిన్నావు?’ అని పెద్దలు పక్కన కూర్చుని అడిగితే, ఆ ఓటమి నుంచి కూడా పిల్లవాడు ఒక పాఠం నేర్చుకుంటాడు.