మురుగునీటినుండి మంచినీరు

సింగపూరు చిన్న దీవి. అచట వానలు సమృద్ధిగా కురిసినను, ఆ నీటిని నిలువచేయుటకు చాలినంత భూమి లేదు. 1962 నాటి ఒప్పందము ననుసరించి పొరుగుననున్న జొహోర్ నుండి నీరు తెచ్చుకొనుచున్నారు. ఆ ఒప్పందము 2061లో ముగియును. కనుక వాడిన నీటినే శుద్ధిచేసి మరల వాడుకొనుట ఆ నగరమునకు జీవనసమస్య. 1974లో చేసిన తొలి ప్రయత్నమును, ఖర్చు హెచ్చగుటచేతను, పొరలు నమ్మదగినవి కాకుండుటచేతను మరుసటి సంవత్సరమే మానుకొనవలసివచ్చినది. మేలైన పొరలు లభించిన పిమ్మట, 2003 నుండి ‘న్యూవాటర్’ అను పేర ఈ నీటిని సరఫరా చేయుచున్నారు.

మురుగునీటిలోని మడ్డిని మొదట పేరుకొననిత్తురు. కరగియున్న మలినములలో చాలభాగమును సూక్ష్మజీవులు తినివేయును. తరువాత ఆ నీటిని సన్నని రంధ్రములుగల పొరలగుండ వడగట్టుదురు. ఒక్కొక్క రంధ్రము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. బాక్టీరియా ఇచట ఆగిపోవును. కాని కరగిన లవణములు దాటిపోవును. వైరస్‌లలో కొన్నియు తప్పించుకొనగలవు.

వీనిని ఆపుట ఎట్లు? మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించినచో కొంతసేపటికి ఊట దిగును గదా! ముక్కలోని నీరు కణముల పొరను దాటి, ఉప్పు చిక్కగానున్న వైపునకు వచ్చుటయే దీనికి కారణము. ఇదియే ద్రవాభిసరణము. ఉప్పునీటివైపున తగినంత ఒత్తిడి కలిగించినచో నీరు ఎదురుదారి పట్టి, ఉప్పును వెనుక విడిచి వచ్చును. దీనిని విలోమ ద్రవాభిసరణ మందురు. 1960 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్, భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, ఈ పనికి తగిన సెల్యులోజ్ ఎసిటేటు పొరను తయారుచేసిరి.

అయినను పొర ఎంత మేలైనదైనను చిరుగవచ్చును, అతుకు వదలవచ్చును. అందుచే వడగట్టిన నీటి విద్యుద్వాహకతను ఎడతెగక కొలుచుచుందురు. లవణములు ఏమాత్రము చొరబడినను అది పెరిగి, లోపమును తెలుపును. చివరకు అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి, మిగిలియుండగల క్రిములను నశింపజేయుదురు. పొరవద్ద మిగిలిన చిక్కని ఉప్పునీటిని వేరుగా తొలగింపవలెను. ఇది ఈ పద్ధతికిగల ఒక చిక్కు.

ఈ నీటిలో అధికభాగము కర్మాగారములకే పోవును. వానలు లేని దినములలో కొంత జలాశయములలో కలిపి, మరల శుద్ధిచేసి ఇండ్లకు పంపుదురు. ఏ ఒక్క పొరను నమ్ముకొని ఆ నీటిని త్రాగుట లేదు. ఒక అడ్డు తప్పినచో మరియొకటి కాపాడును. ఏది తప్పినదో వెంటనే తెలియును. మురుగునీరు మంచినీరగుటలోని రహస్య మిదియే.