తెరమీది కొలతలు, తెలుగు పేర్లు: లినక్స్ కంప్యూటరున విడ్జెట్ల స్థాపన

భిలాయి ఉక్కు కర్మాగారము 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడిక ఫలితముగా వెలసినది. అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. పనివెదకికొనుచు అచటికి చేరిన తెలుగువారు పలువురు. వారిలో ఉత్తర కోస్తా జిల్లాలవారు హెచ్చు. కర్మాగారపు కాలనీలకు వెలుపలనున్న కోహ్కా వంటి పేటలలో నేడు వారి మూడవ తరమువారు కూడ కానవత్తురు. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో హిందీయో ఆంగ్లమో చదువుకొను ఈ తరమునకు తెలుగు లిపి కంటబడు తావులు మిక్కిలి కొద్ది. కంప్యూటరు తెర అట్టి తావులలో ఒకటి కాగలదు. ఆ తెరమీద నిలిచి యంత్రపు స్థితిగతులను తెలుపు చిన్న పలకలను లినక్స్ వ్యవస్థయందు ఎట్లు నెలకొల్పవలెనో, వానిచేత తెలుగు పలికించుటలో ఎదురగు చిక్కులెవ్వియో నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఫర్నేసు లోపలి మంటను పనివాడు కంటితో చూచి పనిచేయడు. గాలి ఒత్తిడి ఎంత, వేడి ఎంత, నీరు సరిగా పారుచున్నదా లేదా అనునవి కంట్రోలు రూములోని కొలతల పలకయే చెప్పును. కంప్యూటరు విషయమున సిస్టమ్ మానిటరు చేయు పని ఇదియే. మానిటరు అను మాటకు మూలమైన లాటిను ధాతువునకు హెచ్చరించుట అని అర్థము. కావున దీనిని 'పర్యవేక్షకము' అనుట తప్పు కాకున్నను, చూచుట మాత్రమే అందు కలదు, హెచ్చరిక లేదు. విడ్జెట్టు చరిత్ర ఇంతకన్న విచిత్రము. 1924 నాటి ఒక అమెరికా నాటకమున ఏమిటో తెలియని సరకునకు పెట్టిన ఉత్తుత్తి పేరది. తెరమీది మీటలకు, పెట్టెలకు ఒక సామాన్యనామము కావలసివచ్చినపుడు ఎం.ఐ.టి.లోని అథీనా ప్రాజెక్టువారు 1988లో దానినే ఎన్నుకొనిరి. తక్కిన మాటలన్నిటికిని ఏదో ఒక పాత అర్థము అంటియుండుటయే అందులకు కారణము. అర్థము లేకపోవుటచేతనే ఎన్నికైన మాటకు అర్థవంతమైన అనువాదము వెదకుట వ్యర్థప్రయాస. 'విడ్జెట్టు' అని అజంతము చేసికొన్న చాలును.

ఈ పలకలు చూపు అంకెలు ఎచటివి? లినక్స్ నందు 'ప్రోక్' అను పేరుగల ఒక సంచయము కలదు. అందలి దస్త్రములు డిస్కుమీద ఉండవు. ఎవరైన తెరచి చదువబోవు క్షణముననే కెర్నెలు వానిని పుట్టించి ఇచ్చును. 1984లో బెల్ ప్రయోగశాలలో టామ్ కిలియన్ ప్రతిపాదించిన భావనకు ఇది విస్తృతరూపము. సాధారణ వినియోగదారుడు సైతము ఆ దస్త్రములలో పెక్కింటిని చదువవచ్చును. కావుననే మానిటర్లు వ్రాయుట సులభమై, అవి లెక్కకు మిక్కిలిగా పుట్టినవి.

ఆ సంచయములోని 'స్టాట్' అను దస్త్రము ప్రాసెసరు ఏయే పనులమీద ఎంత కాలము గడపినదో సెకనులో నూరవ పాళ్ళలో చెప్పును. అయితే అది యంత్రము మేల్కొన్నది మొదలు కూడుచు వచ్చిన మొత్తము. ఒక్కసారి చదివిన 'ఇపుడెంత పని జరుగుచున్నది' అను ప్రశ్నకు బదులు రాదు. రెండు మారులు చదివి, మొదటిదానిని రెండవదానినుండి తీసివేయవలెను. ఒకే ప్రాసెసరున్న యంత్రములో ఒక సెకను వ్యవధిలో అన్ని గళ్ళ మొత్తము 100 పెరిగి, ఊరకున్న కాలపు గడి 75 పెరిగెనేని, ప్రాసెసరు నూటికి 25 పాళ్ళు పనిలోనున్నదని తేలును. విద్యుత్తు మీటరు చూచి నెలవారీ వాడకము లెక్కగట్టు పద్ధతియే ఇది. పలకను మరీ తరచుగా చదువుమని నిర్దేశించినచో, కొలుచు పనియే యంత్రమునకు భారమగుననుటయు గమనింపదగినది.

స్మృతి విషయము భాషావేత్తలకు మరింత ఆసక్తికరము. 'మెమ్ ఇన్ఫో' అను దస్త్రమున 'ఫ్రీ' అని ఒక వరుస, 'అవైలబుల్' అని మరియొక వరుస కలవు. లినక్స్ కెర్నెలు వాడుకలో లేని స్మృతిని వృథాగా విడువదు. చదివిన దస్త్రముల ప్రతులను అందు దాచును, అక్కర పడినపుడు ఆ తావును వెంటనే విడిచిపెట్టును. అందుచేత 8 జీబీల స్మృతిగల యంత్రమున 'ఫ్రీ' వరుస 400 ఎంబీలే చూపుచుండగా, నిజముగా వాడుకొనదగినది 5 జీబీలు ఉండవచ్చును. ఈ తేడా తెలియక స్మృతి నిండిపోయినదని బెదరి కొత్త చిప్పు కొన్నవారు కలరు. ఈ అపోహను తొలగించుటకే 2014లో వెలువడిన 3.14వ కెర్నెలులో 'అవైలబుల్' వరుస చేర్చబడినది. తెలుగు చేయువాడు మొదటిదానిని 'ఖాళీ' అని, రెండవదానిని 'లభ్యము' అని వేరుపరచిననే ఈ సవరణ తెలుగు పాఠకునకు దక్కును. రెండింటికిని 'ఖాళీ' అనియే వ్రాసినచో కెర్నెలు దిద్దిన తప్పు అనువాదములో మరల పుట్టును. ఫ్రీ సాఫ్టువేరు అనునప్పటి 'ఫ్రీ' స్వేచ్ఛ, వెలలేమిని చెప్పు 'ఫ్రీ' ఉచితము, ఇది ఖాళీ. ఆంగ్లము ఒక్క మాటతో ముడివేసిన మూడు భావములను తెలుగు తనంతట తానే విడదీసి ఇచ్చుచున్నది. ఈ మేలును జారవిడుచుకొనరాదు.

ఇక స్థాపన. కేడీయీ ప్లాస్మా డెస్క్‌టాపు గలవారికి శ్రమ లేదు. తెరపై ఖాళీ చోట మౌసు కుడిమీట నొక్కి, విడ్జెట్లను చేర్చు అంశమును ఎన్నుకొని, ప్రాసెసరు, స్మృతి, డిస్కు, నెట్‌వర్కుల పలకలను లాగి కావలసిన చోట విడిచిన చాలును. 2021లో వచ్చిన 5.22 కూర్పునుండి ప్లాస్మా సిస్టమ్ మానిటరు పాత కేసిస్‌గార్డు స్థానమును ఆక్రమించినది. గ్నోమ్ డెస్క్‌టాపు తెరమీద విడ్జెట్లను సహజముగా ఉంచనీయదు. అచట సిస్టమ్ మానిటరును ప్రత్యేకపు కిటికీగా తెరచుటయో, వైటల్స్ వంటి పొడిగింపును చేర్చి పై పట్టీలో అంకెలను చూచుటయో గత్యంతరము. టెర్మినలు అలవాటైనవారికి హిషామ్ ముహమ్మద్ 2004లో వెలువరించిన హెచ్‌టాప్ ఉండనే ఉన్నది.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటు భిలాయిలో మరియొక కొలత కూడ అవసరము. ఎల్.ఎం.సెన్సర్స్ అను పొట్లమును చేర్చి, సెన్సర్స్-డిటెక్ట్ అను ఆజ్ఞను ఒకసారి నడిపినచో, యంత్రములోని ఉష్ణమాపకములు గుర్తింపబడి ప్రాసెసరు వేడి పలకకెక్కును. పని లేనపుడు సైతము ఆ అంకె దినదినము పెరుగుచున్నదేని పంకాకు దుమ్ము పట్టినదేమో చూడవలెను.

తమ పలకను తామే రచించుకొనగోరువారికి తగినది కాంకీ. ఇది 2005లో టోర్స్‌మో అను పూర్వపు పరికరమునుండి చీలి వచ్చినది. టోర్స్‌మో పేరులోని తొలి భాగము బల్ల అను అర్థముగల ఫిన్నిషు మాటనుండి వచ్చినదగుటచే, డెస్క్‌టాపు అను రూపకమును ఫిన్నులు మాటకు మాటగా తెలిగించుకొన్నట్లు — ఇచట వేరు క్రియాపదము లేదు — ఎరుకపడును. డెబియను, ఉబుంటు వ్యవస్థలలో ఆప్ట్ అను ఆజ్ఞతో 'కాంకీ-ఆల్' అను పొట్లమును స్థాపింపవలెను. పిదప కాంకీని పెద్దబడి 'సి' అను అక్షరముతో పిలిచిన, తన మూలనిర్దేశములను తానే ముద్రించును; వానిని గృహసంచయములోని కాన్ఫిగ్ అను మరుగు సంచయమున కాంకీ పేరిట భద్రపరచి, తరువాత దిద్దుకొనవచ్చును. 2015 నాటి 1.10వ కూర్పునుండి ఈ నిర్దేశములు లువా భాషలో ఉండును. చదువుట ఎన్ని సెకనులకొకసారి, పలక తెరలో ఏ మూల నిలువవలెను, ఏ ఫాంటు వాడవలెను అనునవి మొదటి భాగమునను, చూపవలసిన పాఠము రెండవ భాగమునను వ్రాయుదురు. తెర మినుకుమనుచున్నచో డబుల్ బఫర్ అను నిర్దేశమును 'నిజము' చేయవలెను. కాంకీ ఎక్స్ విండో వ్యవస్థకై పుట్టినది. కొత్తదైన వేలాండు క్రింద దాని నడవడి అన్ని డెస్క్‌టాపులయందు ఒక్క తీరున ఉండదు.

అసలు చిక్కు ఇచటనే. యూనికోడునందు తెలుగు అక్షరములు ధ్వనిక్రమమున నిలువయుండును. ఒత్తులు, గుణింతపు రూపములు తెరకెక్కునపుడు కూర్చబడును. 'ప్రక్రియ' అను మాట చదువరికి మూడక్షరములు. యూనికోడులో ఎనిమిది సంకేతములు. యూటీఎఫ్-8 లో 24 బైట్లు. టెర్మినలు లెక్కలో హల్లు ఒక్కింటికి ఒక గడి, పొల్లునకు గుడికి సున్న. కావున ఐదు గళ్ళు. మూడు, ఐదు, ఎనిమిది, ఇరువదినాలుగు: ఒకే మాటకు నాలుగు కొలతలు. హెచ్‌టాప్ వంటి గళ్ళ పట్టికలలో తెలుగు పేర్లు చేరినపుడు నిలువు వరుసలు వంకరపోవుటకు ఇదియే మూలము.

గ్నోమ్‌లోని పాంగో, కేడీయీలోని క్యూటీ హార్ఫ్‌బజ్ అను కూర్పరిచేత ఈ పని చేయించుకొనును. అందుచేత అచట తెలుగు చక్కగా కనబడును. కాంకీ అట్లుగాక సంకేతములను ఒక్కొక్కటిగా తెరపై గీయును. భాషానియమములను తెలుగునకు మార్చి వారము పేరు చూపుమన్నచో, శుక్రవారమునాడు అది 'శుక్‌రవారం' అని చూపును. వత్తు క్రిందికి దిగదు, పొల్లు పైకి తేలును. తెలుగు లిపిని ఇపుడిపుడే నేర్చుకొను కోహ్కా బాలునికి ఈ పలక తప్పుడు ఒజ్జ. లోహిత్ తెలుగు వేసినను, తిరుమల కృష్ణ దేశికాచార్యులవారి పోతన 2000 వేసినను ఫలితమొక్కటే. దోషము ఫాంటుది కాదు, గీయు చేతిది.

దీనికొక ఉపాయము కలదు. మారని పేర్లను, అనగా 'స్మృతి', 'వేడి', 'డిస్కు' మున్నగువానిని, తెలుగును సరిగా కూర్చు వేరొక పరికరములో వ్రాసి బొమ్మలుగా దాచి, కాంకీయొక్క ఇమేజ్ నిర్దేశముతో తెరపై నిలుపవచ్చును. మారు అంకెలను మాత్రము కాంకీ స్వయముగా గీయును. తెలుగు అంకెలకు ఒత్తులు గుణింతములు లేవు గనుక అవి చెడవు. అంకెలను మార్చుటకు 'టీఆర్' ఆజ్ఞ పనికిరాదు; గ్నూ కూర్పులో అది బైట్లనే చూచును, అక్షరములను కాదు. 'సెడ్' లోని 'వై' ఆజ్ఞ ఆ పని చేయును. అయితే తెలుగు అంకెలను వెంటనే చదువగలవారెందరు? అంకె ఆలస్యముగా తెలిసినచో మానిటరు మానిటరు కాదు. పంచాంగపు విడ్జెట్టునకు అవి శోభించును. వేడి చూపు పలకకు 0 నుండి 9 వరకు గల వాడుక అంకెలే మేలు.

లినక్స్ వ్యవస్థలో భాష యంత్రమునకు గాక మనిషికి చెందినది. ఒకే కంప్యూటరున అవ్వకు తెలుగు, మనుమనికి హిందీ ఏర్పరుపవచ్చును. తేదీలకు మాత్రము తెలుగు, తక్కినవానికి ఆంగ్లము అనియు విడదీయవచ్చును. సీడాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్స్, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారి తెలుగు లినక్స్ ఈ మార్గమున జరిగిన ప్రయత్నములు. అనువాదము లేని చోట సందేశము ఆంగ్లమున కనబడును గాని తెర ఖాళీగా ఉండదు. కావున కొంచెము కొంచెముగా తెలిగించుటకు అవకాశము కలదు. ఆ తెలిగించుటలో తొందర కూడదనుటకు రెండు మాటలు నిదర్శనములు.

పని ముగిసినను పట్టికనుండి పేరు తొలగని ప్రక్రియను ఆంగ్లమున జాంబీ అందురు. దానిని పుట్టించిన మాతృప్రక్రియ వచ్చి ముగింపు సంగతి విచారించుకొన్నదాక అది అట్లే వ్రేలాడును. చచ్చినదే గనుక మరల చంప వీలు లేదు. జాంబీ కరీబియను ద్వీపముల నమ్మకమునుండి వచ్చిన మాట. తెలుగున దీనికి 'ప్రేతము' అను మాట ఆంగ్లముకన్న చక్కగా అమరును; మరణమునకును సపిండీకరణమునకును నడుమనుండు దశయే గదా ప్రేతత్వము. కాకున్న, ఇచట కర్మ చేయవలసినది బిడ్డ కాదు, కన్నది. కన్నదియు ముందే గతించెనేని మొదటి సంఖ్యగల ప్రక్రియ దత్తు తీసికొని ఆ కర్మ నడపును.

రెండవది 'చంపుట'. మానిటరులో ఒక ప్రక్రియను ఎన్నుకొన్నపుడు ముగించుటకు ఒకటి, చంపుటకు ఒకటి వేర్వేరు మీటలుండును. మొదటిది 15వ సంకేతమును పంపును. ఆ ప్రక్రియ దానిని విని, చేతిలోని పనిని భద్రపరచుకొని వెడలవచ్చును. రెండవది 9వ సంకేతము. అది ప్రక్రియకు వినబడదు, కెర్నెలే దానిని త్రుంచివేయును. సగము వ్రాసిన ఉత్తరము దానితో పోవును. ఈ రెండు మీటలమీదను 'ఆపు' అనియే వ్రాసినచో, ఆంగ్లము రాని అవ్వ ఏది నొక్కవలెనో ఎరుగదు. 'ముగించు' అని ఒకదానిపై, 'బలవంతముగా త్రుంచు' అని రెండవదానిపై వ్రాసిన, ఆమె మొదట మొదటిదానిని నొక్కి, కొన్ని క్షణములు వేచియుండి, అదియు వినకున్నపుడే రెండవదానికి పోగలదు.