ఒక్క పట్టుతో తేలదు బలం!

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో లారీ ఆగిందంటే చాలు... హమాలీలు వరసగా వీపులు వంచుతారు. ఇద్దరు చెరో చివరా పట్టి బస్తా లేపుతారు. మూడో మనిషి దాన్ని వీపున వేసుకుని చకచకా నడిచిపోతాడు. చూసేవాళ్లకి మోసినవాడే బలవంతుడు! మరి అదే బస్తాని నేల మీంచి అతనొక్కడే లేపగలడా? మోయడం వేరు, ఎత్తడం వేరు. సత్తువంతా కూడదీసుకుని ఒకే ఒక్కసారి ఎంత బరువు ఎత్తగలరన్నదే గరిష్ఠ కండబలం. దాన్ని కొలవడం అనుకున్నంత తేలిక కాదు.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌ని గుర్తుచేసుకోండి. శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు మాత్రం లొంగలేదు. అంటే ఆ రోజు ఆమె బలం ఆ రెండంకెల నడుమ ఎక్కడో ఉంది. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్ల లెక్కే ఇలా ఉంటే, ఎన్నడూ బార్ పట్టనివాళ్ల మాటేమిటి?

ఏలూరులో ఓ ఇల్లాలు కొత్తగా జిమ్‌లో చేరిందనుకోండి. మొదటిరోజు 20 కిలోలు ఎత్తింది. రెండు వారాలకి 28. కండ పెరిగిపోయిందని సంబరపడితే పొరపాటే. పెరిగింది చాలావరకు ఒడుపు! కాలి బలం మీద 2001లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో అంకె నిలకడగా రావడానికి యువతులకు మూడు నాలుగుసార్లు సరిపోతే, వయసు మళ్లిన స్త్రీలకు ఎనిమిది తొమ్మిదిసార్లు పట్టింది. అలాంటప్పుడు క్రీడల ఎంపికలో ఒక్కరోజు పరీక్షతో ‘నీకు బలం లేదు’ అని అమ్మాయిని ఇంటికి పంపేయడం ఏం న్యాయం?

తేలిక బరువుతో ఒళ్లు వేడెక్కించాలి. కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతి ప్రయత్నానికీ నడుమ మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. నడుం ఊపి లేపినది లెక్కలోకి రాదు. కొన్ని రోజులాగి అదే పరికరంతో, అదే వేళకి మళ్లీ చూడాలి. రెండంకెలూ దగ్గరగా వస్తేనే నమ్మకం. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇంకోమాట... సగటున స్త్రీల చేతుల బలం పురుషుల్లో సగం పైచిలుకు, కాళ్ల బలం మూడింట రెండొంతులు. కండ పరిమాణంతో భాగిస్తే ఈ తేడా బాగా తగ్గిపోతుంది. కాబట్టి మగవాళ్ల పట్టిక ఆడవాళ్లకి పనికిరాదు.

కొల్లేరు గట్టున చేపల ట్రేలు ఎత్తీ ఎత్తీ అలసిపోయిన పెద్దవాళ్ల చేత బార్ ఎత్తించక్కర్లేదు. పిడికిలి బలం కొలిచే డైనమోమీటర్ చాలు. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి లంబకోణంలో వంచి, పిడిని శక్తికొద్దీ పిండాలి. రెండు చేతులతోనూ రెండు మూడుసార్లు చేసి, అన్నిట్లో పెద్ద అంకె తీసుకోవాలి. 2019లో ఆసియా నిపుణులు పెట్టిన హద్దు మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18. అంతకన్నా తగ్గితే బలహీనత కిందే లెక్క. ఇదేం కాలక్షేపం కొలత కాదు. మన దేశంతో సహా 17 దేశాల్లో జరిగి, 2015లో వెలువడిన అధ్యయనంలో పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణించే ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది.

అయితే పరికరం పిడికి వెడల్పు మార్చే వీలుంటుంది. పెద్ద చేతులకి బిగించినదాన్ని అలాగే తెచ్చి, కైకలూరు వైపు ఓ ముసలమ్మ చిన్న చేతిలో పెడితే ముల్లు 18కి చేరకపోవచ్చు. ఆవిడ పేరు పక్కన అంకె రాసేముందు పిడి సరిచేసి, ఇంకోసారి పిండమనాలి.