క్యాన్సరు రోగుల్లో బాధా లక్షణాల ఉపశమనం

క్యాన్సరు వ్యాధి వల్ల గాని, దానికి చేసే చికిత్స వల్ల గాని రోగికి కలిగే నొప్పి, ఆయాసం, వికారం, నిద్రలేమి వంటి బాధలను అడిగి తెలుసుకొని, కొలిచి, తగ్గించడాన్ని లక్షణాల ఉపశమనం అంటారు. ఇది ఉపశమన వైద్యంలో ప్రధాన భాగం. వ్యాధి ముదిరిన తరువాత మాత్రమే చేసేది కాదు. వ్యాధి నిర్ధారణ అయిన నాటి నుండి మిగిలిన చికిత్సతోపాటే సాగవలసినది.

చరిత్ర

సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది. రోగి వేదనలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, విశ్వాసాలు కూడా కలిసి ఉంటాయని ఆమె బోధించింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల చికిత్సా పద్ధతిని ప్రకటించింది.

ఉత్తరాంధ్రలో పరిస్థితి

ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని చుట్ట కాలుస్తారు. దీనిని అడ్డపొగ అంటారు. దీనివల్ల అంగిలికి క్యాన్సరు వచ్చే ప్రమాదముంది. అటువంటి రోగికి మింగడం కష్టమవుతుంది. పుండు వాసన వల్ల నలుగురిలో కూర్చోవడానికి సిగ్గుపడుతుంది.

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు నుండి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైగా దూరం. కింగ్ జార్జ్ ఆసుపత్రి, టాటా మెమోరియల్ సెంటరుకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళివచ్చిన తరువాత మళ్ళీ వెళ్ళేవరకు రోగి ఇంటివద్దనే ఉంటారు. కనుక బాధను గుర్తించే పని ఇంటివారిపైన, ఆశా కార్యకర్తపైన పడుతుంది.

అంచనా

బాధ ఎంతో చెప్పగలిగినది రోగి మాత్రమే. మూలగడం లేదు కాబట్టి నొప్పి లేదనుకోరాదు. ఎక్కడ, ఎప్పటి నుండి, మంటలా పోటులా, నిద్ర పడుతున్నదా అని ప్రతిసారీ అడగాలి. కెనడాలో 1991లో వెలువడిన ఎడ్మంటన్ పట్టికలో ఒక్కొక్క బాధకు 0 నుండి 10 వరకు అంకె వేస్తారు. 0 అనగా బాధ లేదు, 10 అనగా అంతకు మించినది లేదు. అంకెలు రానివారిని పది వేళ్ళు చూపి అడగవచ్చు. కొండ గ్రామాల్లో కువి, ఒడియా వంటి భాషలు మాట్లాడేవారిని వారి భాషలోనే అడిగించాలి. అంకెను తేదీతో రాసి ఉంచితే మందు పనిచేస్తున్నదీ లేనిదీ వైద్యునికి తెలుస్తుంది.

ఉపశమన పద్ధతులు

* నొప్పి: కొద్దిపాటి నొప్పికి పారాసెటమాల్ వంటివి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఇస్తారు. నొప్పి వచ్చాక కాక, వేళ ప్రకారం ఇవ్వాలి. సాధారణ మార్ఫిన్ మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది.
* మలబద్ధకం: మార్ఫిన్ వాడేవారిలో చాలామందికి వస్తుంది. విరేచనకారి మందు మొదటి రోజు నుండే అవసరం.
* పుండు వాసన: శుభ్రపరచి, వైద్యుని సలహాపై మెట్రోనిడజోల్ పొడి చల్లుతారు.
* ఆయాసం: వీపుకు ఆనుడు పెట్టి కూర్చోబెట్టడం, ముఖానికి గాలి తగిలేలా విసరడం మేలు చేస్తాయి.

కీమోథెరపీ పొందుతున్నవారికి జ్వరం వచ్చినా, వెన్నునొప్పితో కాళ్ళు చచ్చుబడినా, రక్తస్రావం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మార్ఫిన్‌పై అపోహలు

మార్ఫిన్ వ్యసనమవుతుందని, మరణాన్ని త్వరపెడుతుందని చాలామంది భయపడతారు. వైద్య పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో వాడినప్పుడు ఈ భయానికి ఆధారం లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిబంధనల వల్ల మన దేశంలో ఇది దొరకడం కష్టమైంది. 2014లో చేసిన సవరణతో గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీనిని తెప్పించుకోవడం సులభమైంది. అయినా రోగి తన నొప్పిని చెప్పనిదే, ఎవరూ అడగనిదే ఈ మందు అందదు. అందుచేత ఉపశమనానికి మొదటి మెట్టు అడగడమే.