గోధుమ లేని వేసవి వంట

వేసవి సెలవులు ఇచ్చారంటే మన ఇళ్ళలో పొయ్యి ఆరదు. కూతుళ్ళు, కొడుకులు, మనుమలు అంతా దిగుతారు. పూటకు పదిహేను విస్తళ్ళు లేస్తవి. అందులో ఒక్క బిడ్డకు గోధుమ పడదని తెలిస్తే ఇల్లాలు ఏం చెయ్యాలి? ఆ బిడ్డ ఒక్కదానికే మూలన వేరే గిన్నె పెట్టాలా, లేక ఇంటిల్లిపాదీ ఒకే వంట తినాలా? మా ఇంట్లో నాలుగు వేసవులుగా రెండో పద్ధతే నడుస్తున్నది. మన తెలుగు వంటకు అదేమంత కష్టం కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. ఢిల్లీలో పెరుగుతున్నది. ఐదో ఏడు వచ్చేదాకా ఎదుగూ బొదుగూ లేదు. పొట్ట ముందుకు, కాళ్ళు పుల్లలు, ఎప్పుడూ విరేచనాలు. దిష్టి అన్నవారున్నారు, నులిపురుగులన్నవారున్నారు. చివరకు రక్తపరీక్ష చేసి, చిన్న పేగులోంచి పిసరంత ముక్క తీసి చూసి ‘సీలియాక్’ జబ్బని తేల్చారు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దాని చలవే. ఈ జబ్బున్న వారికి అది కడుపులో పడితే, ఒంటిని కాపాడవలసిన బలగమే తిరగబడి చిన్న పేగు లోపలి నూగును అరగదీస్తుంది. ఇక తిన్నదాని సారం ఒంటికి పట్టదు. దీనికి మాత్రలు లేవు. జీవితాంతం ఆ ధాన్యాలు మానడమే మందు.

ఈ సంగతి బయటపడిన కథ చిత్రమైనది. హాలెండులో డికీ అనే పిల్లల వైద్యుడికి గోధుమ మీద ముందునుంచీ అనుమానం ఉండేది. 1944-45 శీతాకాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె కరువైంది. లోకమంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు! మళ్ళీ రొట్టె రాగానే మళ్ళీ జబ్బు. 1950లో ఆయన దీనిమీద సిద్ధాంత వ్యాసం రాశాడు.

‘‘ఏం చాదస్తం వదినా! పిసరంత తింటే ఏమవుతుంది?’’ అంటుంది మా వదిన. ఏమవుతుందో మొన్న వైశాఖంలో ఒక పెళ్ళిలో చూశాము. పిల్ల అన్నం, పప్పు, అప్పడం తప్ప ఏమీ ముట్టలేదు. ఆ అప్పడాలు పూరీలు వేయించిన మూకుట్లోనే వేశారట. రాత్రికి వాంతులు, రెండు రోజులు మంచం. అప్పటినుంచి వంటవాడి దగ్గరకు తానే వెళ్ళి ‘‘ఇవి ఏ నూనెలో వేశారు తాతగారూ?’’ అని అడుగుతున్నది. తొమ్మిదేళ్ళ పిల్ల అడగవలసిన ప్రశ్న కాదది. అందుకే కనీసం అమ్మమ్మ ఇంట్లోనైనా ఏదీ అడగకుండా తినాలని నా పంతం.

గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో ముందు తెలుసుకోవాలి. బొంబాయి రవ్వ గోధుమే. సేమ్యా, మైదా కూడా గోధుమే. ఎండకు చలవని మనం కాచే బార్లీ జావ ఈ బిడ్డలకు విషం. పాలలో కలిపే మాల్టు పొడులూ అంతే. అన్నిటికన్నా దొంగ ఇంగువ! డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. డబ్బా మీద చదివి, బియ్యప్పిండి కలిపినది దొరికితే సరే. లేకపోతే పోపులో రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేయండి. ‘గ్లూటెన్ లేనిది’ అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశంలో నిబంధన ఉన్నది. పిండి మర సంగతి మరీ ముఖ్యం. మనకు ముందు ఎవరో గోధుమలు ఆడించుకుని ఉంటారు. ఆ పిండి మన జొన్నల్లో కలుస్తుంది. నేను జొన్నలూ రాగులూ ఇంట్లోనే మిక్సీలో వేసి జల్లిస్తాను. జల్లెడ, పెనం, అట్లకాడ కొత్తవి కొన్నాను.

ఇక వంటకు వద్దాం. పొద్దున్నే పెద్దలకు చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. పిల్లలకు రాగి అంబలి. గ్లాసు నీళ్ళకు రెండు చెంచాల పిండి రాత్రే కలిపి ఉంచి, పొద్దున ఉండ కట్టకుండా కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు కలపడమే. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, సొరకాయ మజ్జిగ పులుసు, గుమ్మడి వడియాలు, పెరుగు. ఇందులో గోధుమ ఎక్కడున్నది చెప్పండి? మజ్జిగ పులుసులోకి శనగపిండి మాత్రం కొట్లో కొనక, నానబెట్టిన శనగపప్పు రుబ్బి వేయండి. రుచి కూడా ఎక్కువ.

సాయంత్రం ఉప్మా అడిగితే మా గోదావరి వారి ఉప్పుడు పిండి చేస్తాను. పోపులో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, గుప్పెడు పెసరపప్పు వేసి, అది సగం ఉడికాక గ్లాసు బియ్యపు రవ్వ పోసి, మూత పెట్టి సన్నసెగన మగ్గనివ్వాలి. అడుగున పట్టే మాడు చెక్క కోసం పిల్లలు కొట్టుకుంటారు.

రాత్రి చపాతీ లేకపోతే ముద్ద దిగని అల్లుళ్ళుంటారు. వారికి జొన్నరొట్టె. జొన్నపిండికి సాగే గుణం లేదు గనుక చన్నీళ్ళతో కలిపితే విరిగిపోతుంది. సలసల కాగే నీళ్ళు పోసి గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చేవేడిలో బాగా మర్దించి, వెంటనే చేత్తో తట్టాలి. పెనం మీద పడ్డాక పైన తడిగుడ్డతో అద్దాలి. మొదటి నాలుగూ వంకరగా వస్తవి. పరవాలేదు, వంకాయ కూరలో ముంచాక ఎవరూ ఆకారం చూడరు.

పండుగకు బొబ్బట్లు వద్దు, పూర్ణం బూరెలు చేయండి. పైతోపు బియ్యం, మినప్పప్పే కదా. కాజాలు మాని ఆత్రేయపురం పూతరేకులు తెప్పించండి.

ఒక హెచ్చరిక. ఈ రోజుల్లో ఏ జబ్బూ లేనివారు కూడా గోధుమ మానడం ఒక వేడుకైంది. అది నాకు సమ్మతం కాదు. మీ బిడ్డకు అనుమానం ఉంటే ముందే గోధుమ మాన్పించకండి. మాన్పిస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చును. డాక్టరుకు చూపించి, తేలాకనే మాన్పించండి.

తిరుగు ప్రయాణానికి నేను కట్టే మూట ఇది: మొదటి పూటకు చింతపండు పులిహోర, తరవాతికి జొన్నరొట్టెలూ కారప్పొడీ, మధ్యలో ఆకలేస్తే వేయించిన అటుకులు, డబ్బా నిండా సున్నుండలు. రైల్లో కట్‌లెట్ వస్తే కొనవద్దని దానికి చెప్పనక్కరలేదు. పైన రొట్టె పొడి అద్దుతారని దానికే తెలుసు.